గేటక్క అడిగే పేరు

గేటక్క ఎడమ చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా చాపడానికి రాదు. బకెట్టు పట్టుకున్నా, గేటు గడియ తీసినా, చంకలో ఎవరినో ఎత్తుకున్నట్టు ఆ చెయ్యి సగం వంగే ఉంటుంది. హాస్టల్లో కొత్తగా చేరిన ఆడపిల్లలు మొదట్లో ఆ చేతి వంక చూసీ చూడనట్టు చూస్తారు. కాస్త చనువు వచ్చాక, "ఏమైందక్కా?" అని అడుగుతారు.

"మా ఆయనకి ప్రేమ ఎక్కువై విరిచేశాడు" అంటుంది.

నవ్వాలో వద్దో తెలియక వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "నవ్వండమ్మా, ఇప్పుడు నొప్పేం లేదులే" అని ఆమే ముందు నవ్వేస్తుంది.

ఆ ఊరికి తిండి పెట్టేది కాలేజీయే, తలలు పగలగొట్టేదీ కాలేజీయే. గుట్ట మీద కాలేజీ, గుట్ట కింద ఊరు. అద్దె గదులు, జెరాక్సు షాపులు, టీ కొట్లు, ఒకే కుర్చీ పట్టే మంగలి షాపులు, ఏది చూసినా చదువుకునే పిల్లల కోసం పుట్టినవే. ఊరు దాటితే చుట్టుపక్కల పల్లెలన్నీ రాతి క్వారీలు. అక్కడ కొండల్ని పేలుస్తారు, మరల్లో వేసి కంకర చేస్తారు, లారీలకెత్తుతారు. గాలి అటునుంచి వీచిందంటే హాస్టలు డాబా మీద ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి బూడిదరంగుకి తిరుగుతాయి. పల్లెల్లో కొట్టుకోవడానికి సమ్మెటలున్నాయి, ఊళ్ళో కొట్టుకోవడానికి హాకీ కర్రలున్నాయి. తేడా అంతే.

కాలేజీ ఎన్నికలొస్తే గేటక్క పొద్దున్నే గేటు ముందు రాళ్ళన్నీ ఏరి లోపల పోగేస్తుంది. ఎవరి చేతికీ అందకూడదని. ఒకసారి అలాంటి రోజునే, మిట్టమధ్యాహ్నం, నుదురు చీలిన కుర్రాడొకడు పరిగెత్తుకొచ్చి గేటుని కావలించుకున్నాడు. రక్తం కళ్ళలోకి కారుతుంటే దారి కనిపించడంలేదు వాడికి.

"అక్కా, తియ్యక్కా, చంపేస్తారు నన్ను!"

పిల్లల్ని చూడ్డానికొచ్చే ఇంటివాళ్ళు తప్ప మగపురుగు గేటు దాటకూడదన్నది హాస్టలు నియమం. గేటక్క క్షణం ఆలోచించింది. పెద్ద ఇనప గేటులోనే మనిషి వంగి దూరేంత చిన్న తలుపొకటి ఉంటుంది. అది తీసి, వాడి కాలరు పట్టి లోపలికి లాగి, చీపుళ్ళు పెట్టే గదిలోకి తోసి తాళం వేసింది. వెనకాలే సైకిలు చైన్లు తిప్పుకుంటూ గుంపు దిగింది.

"ఏయ్, ఇటు వచ్చాడా ఒకడు?"

"ఆడపిల్లల హాస్టల్లోకి మగాడొస్తే నా ఉద్యోగం ఉంటుందా నాయనా?"

"మరి ఈ రక్తమేంటి ఇక్కడ?"

"ఎవడిదో మరి. నీది కూడా కాస్త కలిపి వెళ్తావా?" అని తలుపుకి అడ్డంగా వేసే ఇనప గడియని కుడిచేత్తో పైకెత్తింది. మూరెడు పొడుగు, ముంజేతి మందం. గుంపు దాన్ని చూసింది, ఆమె మొహం చూసింది, గొణుక్కుంటూ వెనక్కి తిరిగింది. సాయంత్రం వార్డెనమ్మ ఆమెని నిలబెట్టి చెడామడా తిట్టింది. చీపుళ్ళ గదిలోంచి వాణ్ణి బయటికి తీస్తే, వాడు భయంతో అక్కడున్న చీపుళ్ళన్నీ రక్తం చేసి పెట్టాడు. "వాటిని ఎవడు కడుగుతాడురా వెధవా" అని గేటక్క వాడి వీపు మీద ఒక్కటిచ్చి పంపింది.

ఆ గేటు దగ్గరికి రాకముందు ఆమెది క్వారీ పల్లె. మొగుడు రాళ్ళు పేల్చే పనివాడు. రాతిలో బెజ్జం వేసి, మందు కూరి, వత్తి అంటించి పరిగెత్తడం వాడి పని. రోజంతా చావుతో పరిగెత్తినవాడు ఇంటికొచ్చి పెళ్ళాం మీద పడేవాడు. టీ చల్లారిందని కొట్టేవాడు. టీ కాలిందని కొట్టేవాడు. ఒకరోజు పార కర్రతో మోచేతి మీద కొట్టాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. ఆ చప్పుడు తన ఒంట్లోంచి వచ్చిందని ఆమెకి వెంటనే తట్టలేదు. ఏ కట్టె విరిగిందా అని పొయ్యి వైపు చూసింది.

నొప్పి మాట అలా ఉంచితే, ఆమె మర్చిపోలేనిది గోడ. గోడ మీద వరసగా తలలు. పక్కింటి పిన్నిగారు, ఎదురింటి మామయ్య, వాళ్ళ కోడలు, క్వారీ మేస్త్రీ. అందరూ చూశారు. మర్నాడు పోలీసు వచ్చి అడిగితే ఒక్కొక్కరే, "మేం చూడలేదండీ, పడిపోయిందేమో" అన్నారు. పిన్నిగారైతే పోలీసుకి మంచినీళ్ళు కూడా ఇచ్చింది.

విరిగిన చెయ్యి వంకరగా అతుక్కున్నాక, ఇంకోసారి వాడు పార కోసం వంగినప్పుడు ఆమె దాన్ని ముందుగా ఎత్తింది. వాడు గుమ్మంలో బోర్లా పడ్డాడు. చచ్చాడో బతికాడో చూడకుండా కట్టుబట్టలతో కంకర లారీ ఎక్కి ఊళ్ళోకొచ్చింది. బతికాడనీ, ఇంకొకత్తెని తెచ్చుకున్నాడనీ తర్వాత తెలిసింది. "దానికి చేతులు రెండూ ఉన్నాయో లేదో" అని అప్పుడప్పుడు అనుకుంటుంది.

హాస్టల్లో ఆమెకి మొదట్లో పెద్ద చిక్కు వచ్చిపడింది. పిల్లల్ని చూడ్డానికి తండ్రులు, అన్నదమ్ములు వస్తారు. వాళ్ళ పేరుతో ఇంకెవరెవరో కూడా వస్తారు. చీటీలు తెస్తారు, కార్డులు చూపిస్తారు. ఆమెకి చదువు రాదు. అన్నయ్యనని చెప్పి లోపలికొచ్చిన ఒకడు అన్నయ్య కాదని తేలి గొడవయ్యాక, గేటక్క తనకి తోచిన దారి ఒకటి పట్టుకుంది. చేరిన రోజునే ప్రతి పిల్లా వచ్చి ఆమె చెవిలో తన ముద్దుపేరు చెప్పాలి. ఇంట్లోవాళ్ళకి తప్ప బయటివాళ్ళకి తెలియని పేరు. ఎవరు చూడ్డానికొచ్చినా ముందు ఆ పేరు చెప్పాలి. చెప్పకపోతే చుట్టమైనా పక్కమైనా గేటు బయటే.

దాంతో గేటు దగ్గర రోజూ ఒక వేడుక. సూటు వేసుకొచ్చిన పెద్దమనిషి ఒకాయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "గుమ్మడికాయ" అన్నాడు.

"వినపడలేదండీ, చెవుడు" అంది గేటక్క.

"గుమ్మడికాయ అన్నానమ్మా!"

పై వరండాలో పిల్లలు పగలబడి నవ్వారు. ఆ పిల్లని చదువైపోయేదాకా గుమ్మడీ అనే పిలిచారు.

కుర్రవాళ్ళు దొరికిపోయే తీరు ఇంకో రకం.

"నేను వాళ్ళ అన్నయ్యనక్కా."

"ముద్దుపేరు చెప్పు."

"బంగారం."

"చెల్లెల్ని బంగారం అని పిలిచే అన్నయ్యని నా జన్మలో చూడలేదు నాయనా. పందీ, దున్నపోతూ, తింగరీ, ఇలాంటిదేదైనా చెప్పు, ఆలోచిస్తాను."

ఈ పద్ధతి మీద ఆమెకి ఎంత నమ్మకమంటే, తాళంచెవుల మీద కూడా అంత లేదు. తన కొంపలో తన చెయ్యి విరిచింది బయటివాడు కాదన్న సంగతి ఆ నమ్మకానికి ఎందుకో అడ్డం రాలేదు.

ఒక ఏడాది చేరినవాళ్ళలో ఒక పిల్ల ఉంది. సన్నగా, మాట పొదుపుగా ఉండేది. ముద్దుపేరు అడిగితే వెంటనే చెప్పలేదు. చెవి దగ్గర నోరు పెట్టి కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత, "పిచ్చుక" అంది.

సెలవులకి అందరూ ఇళ్ళకి పోతే పిచ్చుక పోదు. గేటక్క గది మెట్టు మీద కూర్చుని చదువుకునేది. రోడ్డు మీద లారీ హారను వినపడితే చాలు, పుస్తకం మీద వేలు ఆగిపోయేది. లారీ దూరం పోయాకే మళ్ళీ కదిలేది. గేటక్క అది గమనించింది. అడగలేదు. తనని అడిగినవాళ్ళు అడిగి ఏం ఒరగబెట్టారు కనక?

ఆ శీతాకాలంలో ఒక మధ్యాహ్నం గేటు ముందు ఒకతను నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల, చేతిలో కమలాపళ్ళ సంచి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, మా పిచ్చుకని ఒకసారి పిలుస్తారా? మా అమ్మకి బాలేదు."

ఆమె అడగకముందే పేరు చెప్పాడు.

"అన్నయ్యవా బాబూ?"

"అవునక్కా. చిన్నప్పుడు కిటికీ ఊచ మీద కూర్చుని పొద్దస్తమానం కిచకిచమనేది. అమ్మే పెట్టింది ఆ పేరు." కళ్ళు తుడుచుకున్నాడు.

గేటక్క మనసు నీరైపోయింది. ఇంకే ఆరా తీయకుండా లోపలికి రానిచ్చింది. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే గది గేటు పక్కనే. తనే తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చింది. మెట్ల దగ్గరికి పోయి, "పిచ్చుకా! మీ అన్నయ్య వచ్చాడే!" అని కేకేసింది.

ఆ పిల్ల మెట్ల మధ్యలో ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. రెయిలింగుని రెండు చేతులతో పట్టుకుంది. గేటక్క అది చూసింది. చూసి, తల్లికి ఏమైందోనని భయపడుతోందనుకుంది.

"నేను రానక్కా."

"అదేం మాటే? కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాడు పాపం. వెళ్ళు" అని భుజం మీద చెయ్యి వేసి, గదిలోకి తనే తోసింది. తలుపు కూడా దగ్గరికి వేసింది, అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకుంటారని.

ఆమె గేటు దాకా వెళ్ళిందో లేదో, వెనక బల్ల పడిన చప్పుడు. తిరిగి చూస్తే తలుపు కింది సందులోంచి కమలాపండొకటి దొర్లుకుంటూ బయటికొచ్చింది.

తలుపు తోసింది. అతను చెల్లెలి జడని పిడికిలికి చుట్టుకున్నాడు. మొహాన్ని బల్ల అంచుకేసి కొడుతున్నాడు. అరవడం లేదు. చిన్నపిల్లకి పాఠం చెబుతున్నట్టు నెమ్మదిగా అడుగుతున్నాడు.

"ఏం చూశావే?"

దెబ్బ.

"ఏం చూశావు?"

దెబ్బ.

"చూడలేదను."

ఆ పిల్ల నోట్లోంచి రక్తంతో పాటు తెల్లటిదేదో బల్ల మీద పడింది. "చూశాను" అంది.

గేటక్క నీళ్ళ కూజా అందుకుని అతని తల మీద పగలగొట్టింది. అతను జడ వదిలి తిరిగాడు. ఆమె అతని చెయ్యి కొరికింది. పళ్ళకి ఎముక తగిలింది. అతను మోకాలితో ఆమె కడుపులో గుద్దాడు, కిందపడ్డాక మళ్ళీ తన్నాడు. పెంకుల మీద నుంచి నడుచుకుంటూ పోయి, గుమ్మంలో ఆగి, చొక్కా చేతులు సవరించుకున్నాడు.

"సోమవారం అది కోర్టుకి రాదు. వస్తే ఈసారి కొట్టడానికి మొహం కూడా మిగలదని చెప్పు" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "మంచినీళ్ళిచ్చావు, థాంక్స్ అక్కా" అని నవ్వి, ఆమె తెరిచిన తలుపులోంచే వెళ్ళిపోయాడు.

ఆస్పత్రిలో పిచ్చుక పెదవికి కుట్లు వేశారు. ముందుపళ్ళు పోయాయి. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. గేటక్క మంచం పక్కన కడుపు పట్టుకుని కూర్చుంది.

"నేనే తోశానే నిన్ను" అంది.

"అన్నయ్యకి పేరు తెలుసు. నీ తప్పేముందక్కా" అంది ఆ పిల్ల వాచిన నోటితో. అప్పుడు మొదటిసారి మొత్తం చెప్పింది.

అన్నయ్యకి కంకర లారీలున్నాయి. ఎత్తే కూలీల్లో ఒకడు, పెళ్ళాం పురుడు పోసుకుంటోంది, ఇవాళ రానన్నాడు. అన్నయ్య వాణ్ణి ఇంటి వెనక దొడ్లోకి పిలిపించి, జాకీ రాడ్డుతో కొట్టాడు. వాడు పడిపోయాక కూడా కొట్టాడు. పిచ్చుక అప్పటికింకా హాస్టల్లో చేరలేదు, వెనక వరండాలో బట్టలు ఆరేస్తోంది.

"ఒక్కదానివే ఉన్నావా?"

"అందరూ ఉన్నారక్కా. డ్రైవర్లు, కూలీలు, అమ్మ కూడా. పోలీసులొచ్చి అడిగితే లారీ గుద్దిందన్నారు. నేను బట్టలు పక్కన పెట్టి, కాదు అన్నాను."

గేటక్కకి గోడ కనిపించింది. గోడ మీద తలలు. ఆ తలల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నోరు తెరిచి ఉంటే తన బతుకు ఎలా ఉండేదో అని ఎన్నాళ్ళు కుమిలిందో ఆమెకే తెలుసు. ఆ ఒక్క తలా ఇప్పుడు తన ఎదురుగా, కుట్లతో, కట్లతో దిండు మీద ఉంది.

"పళ్ళు లేకపోయినా మాట వస్తుందా?"

"వస్తుంది. కాస్త గాలి పోతోందంతే."

"పోనీలే. కోర్టులో అదేం అడ్డం కాదు" అంది గేటక్క. సోమవారం దాకా ఈ పిల్లని కాపాడి కోర్టు మెట్లెక్కించాలి. అంతకన్నా ఆమెకి ఇంకేమీ అక్కర్లేకపోయింది.

పిచ్చుకని హాస్టలుకి తీసుకొచ్చారు. అన్న ఇంకా దొరకలేదని గేటు దగ్గర ఒక పోలీసుని కాపలా పెట్టారు. వయసుమళ్ళిన మనిషి, మంచివాడే గానీ టీ అంటే ప్రాణం. ఆదివారం మధ్యాహ్నం ఎవరో వచ్చి కబుర్లు చెబుతూ అతన్ని వీధి చివర కొట్టుకి తీసుకెళ్ళారు. పిల్లలు తలస్నానాలు చేసి వరండాల్లో జుట్టు ఆరబెట్టుకుంటున్నారు. చిన్న తలుపుకి మొహం పట్టేంత కిటికీ ఒకటుంది, ఊచలు లేనిది. దాని మీద ఎవరో వేళ్ళతో తట్టారు.

ముసలామె. తల వణుకుతోంది.

"నేను దాని తల్లినమ్మా. ఒక్కసారి చూసుకుని పోతాను. పిచ్చుక..."

"పేరు చెప్పక్కర్లేదు పెద్దమ్మా. ఆ పేరుకి ఈ తలుపు ఇక తెరుచుకోదు."

"కన్నతల్లిని!"

"సరే, నువ్వు కన్నదాన్నే అడుగుదాం" అని గేటక్క పైకి చూసి అరిచింది. "అమ్మాయ్! మీ అమ్మ వచ్చింది. కలుస్తావా?"

పిచ్చుక వరండా గోడ దగ్గరికొచ్చింది. సగం మొహం కట్టులో ఉంది. తల్లి కిటికీలోంచి ఆ మొహాన్ని చూసింది. చూసి కూడా, "వాడు జైలుకి పోతే నాకెవరే దిక్కు? చూడలేదని ఒక్క మాట అనవే! నీ నోటి ముత్యాలేం రాలిపోవు!" అంది.

"రాలిపోయాయమ్మా" అంది పిచ్చుక. "నేను రాను. వెళ్ళిపో."

తల్లి శాపనార్థాలు మొదలుపెట్టింది. అంతలో ఆమె మొహం కిటికీలోంచి మాయమైంది, ఎవరో పక్కకి లాగేసినట్టు. గేటు పక్కనే నక్కి ఉన్నాడు అతను. వీధి అవతల లారీ, దాని నిండా మనుషులు.

"తలుపు తియ్యవే ముసలిదానా!"

"మొన్న అక్కనేగా? అప్పుడే ముసలిదాన్నయ్యానా?"

రాయి వచ్చి పై కిటికీ అద్దానికి తగిలింది. ఇంకొకటి. ఇంకొకటి. గాజుపెంకు తగిలి గుమ్మడి నుదురు తెగింది. ఏడుస్తుందనుకున్నారు పక్కనున్నవాళ్ళు. ఆ పిల్ల బట్టలుతికే సబ్బుబిళ్ళ తీసి గురిపెట్టి విసిరింది. దాంతో పై నుంచి సబ్బులు, చెప్పులు, మగ్గులు, పూలకుండీలు, ఆఖరికి స్నానానికి కాచిన వేణ్ణీళ్ళు, ఏది చేతికందితే అది గేటు మీదుగా కురిసింది. బయట ఒకడు వీపు కాలి కుయ్యోమన్నాడు. ఒకడి తల మీద కుండీ పడి, కూర్చున్నవాడు లేవలేదు.

అతను మాత్రం తలుపు వదల్లేదు. కిటికీలోంచి చెయ్యి భుజం దాకా దూర్చి లోపలి గడియ కోసం తడుముతున్నాడు. గేటక్క గడియని అతనికి అందకుండా లాగేసుకుని, ఒంటితో తలుపుని అదిమింది. వంకర చెయ్యి ఆనించడానికి తిన్నగా రాలేదు. తలుపుకి మరీ దగ్గరగా ఒరిగేసరికి అతని చేతికి ఆమె మెడ దొరికింది.

వేళ్ళు గొంతు చుట్టూ బిగుసుకున్నాయి. ఆ మణికట్టు మీద తన పళ్ళ గుర్తు కనిపించింది, ఇంకా మానలేదు. కళ్ళముందు చీకట్లు కమ్మాయి. పైన పిల్లల అరుపులు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టున్నాయి. ఇనప గడియ కుడిచేతిలోనే ఉంది. ఎత్తింది. మోచెయ్యి ఎక్కడుందో చూడాల్సిన పని లేదు ఆమెకి. చేతిలో ఏ చోట కొడితే మళ్ళీ తిన్నగా రాదో ఇరవైనాలుగ్గంటలూ ఒంటి మీద మోస్తున్న మనిషి. కొట్టింది.

ఎండుకట్టె విరిగిన చప్పుడు.

ఈసారి ఆమె పొయ్యి వైపు చూడలేదు.

అతని కేకకి లారీలోవాళ్ళు కూడా ఒక్క క్షణం బిగుసుకుపోయారు. వేళ్ళు వదులయ్యాయి. చెయ్యి కిటికీలో గుడ్డపీలికలా వేలాడింది. ఆమె ఇంకోసారి గడియ ఎత్తింది. ఎందుకో దించేసింది. ఊపిరి అందక అక్కడే కూలబడింది.

"గుద్దండిరా! లారీతో గుద్దండి గేటుని!" అని బయట అతను చెయ్యి లాక్కుని అరుస్తున్నాడు. లారీ స్టార్టయింది. ముందుకొచ్చింది. గేటు ముందు తల్లి చతికిలబడి ఉంది. కూతురికి అడ్డంగా కూర్చుందో, కాళ్ళు చచ్చుబడి కూర్చుందో ఎవరికీ తెలీదు. ఆమెని ఎంత పిలిచినా లేవలేదు. డ్రైవరు హారను కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, ఆఖరికి బండి ఆపేసి దూకి పారిపోయాడు.

అప్పటికి వీధి వీధంతా పోగైంది. పోలీసులొచ్చారు. ఇన్‌స్పెక్టరు పగిలిన అద్దాలు, రాళ్ళు, విరిగిన చెయ్యి అన్నీ చూశాడు.

"ఇతని చెయ్యి ఎవరు విరగ్గొట్టారు? ఎవరు చూశారు?"

జెరాక్సు షాపు ఆయన నేల చూశాడు. టీ కొట్టు ఆయన, "నేను పాలు కాస్తున్నానండీ, చూడలేదు" అన్నాడు. వార్డెనమ్మ కూడా, "మేమంతా లోపల ఉన్నాం" అని నసిగింది. గేటక్కకి అవి పాత మాటలే. కొత్తవి వస్తాయని ఆశపడలేదు.

"నేనే విరిచానయ్యా. ఎవర్నీ అడగక్కర్లేదు" అని గొంతు పట్టుకుని లేచింది. మాట గీరుకుంటూ వచ్చింది.

"నేను చూశాను." పిచ్చుక మెట్లు దిగి వచ్చింది. "మా అన్నయ్య ముందు ఆవిడ గొంతు పిసికాడు. తర్వాత ఆవిడ కొట్టింది."

"నేనూ చూశాను!" పై నుంచి గుమ్మడి, నుదుటి మీద తువ్వాలు అదుముకుని. "నేను సబ్బు విసిరాను, అది కూడా రాసుకోండి. తగల్లేదు గానీ."

పక్క పిల్ల కూడా చూశానంది. ఆ పక్కదీ. ఇన్‌స్పెక్టరు ఎవరి మాట రాసుకోవాలో తెలియక పైకి చూస్తూ నిలబడ్డాడు.

సోమవారం గేటక్క వంటావిడ చెప్పులు అడిగి వేసుకుని పిచ్చుకతో కోర్టుకి వెళ్ళింది. అతను బోనులో కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడదీసుకుని ఉన్నాడు. ఎవరినో ఎత్తుకున్నట్టు సగం వంగి ఉంది. గేటక్క దాని వంక ఒకసారి చూసింది. సంతోషం వేస్తుందనుకుంది. కాస్త వేసింది కూడా. దాంతోపాటు తన మోచెయ్యి సలిపింది.

అతని లాయరు పిచ్చుకని, "మీ మాట సరిగ్గా అర్థం కావడం లేదమ్మా" అన్నాడు.

"పళ్ళు లేవండీ. మళ్ళీ చెబుతాను" అంది. మళ్ళీ చెప్పింది. జాకీ రాడ్డు, దొడ్డి, పడిపోయాక కొట్టిన దెబ్బలు. ఒక్క మాట మారలేదు.

"మీరొక్కరే చూశారా?"

"అందరూ చూశారండీ. చెబుతున్నది నేనొక్కదాన్ని."

వెనక బెంచీల్లో చనిపోయిన కూలీ భార్య ఉంది, ఒళ్ళో పసిబిడ్డతో. ఆమె ఏడవలేదు. బిడ్డని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

కేసు చాలా కాలం నడిచింది. అతనికి జైలు పడింది. తల్లి మళ్ళీ ఎప్పుడూ గేటు దగ్గరికి రాలేదు. ఆ సోమవారం సాయంత్రం హాస్టలుకి తిరిగి నడుస్తూ ఆ పిల్ల అంది, "అక్కా, ఇంక నన్ను ఆ పేరుతో పిలవకు."

"మరేమని పిలవనే?"

"ఏమీ వద్దు. ఏమే అను చాలు."

"ఏమే" అంది గేటక్క.

"ఊ."

"ఆకలేస్తోందా?"

"నమలలేను గానీ, వేస్తోంది."

మరుసటి ఏడాది కొత్తపిల్లలు పెట్టెలూ పరుపులూ మోసుకుంటూ వచ్చారు. గేటక్క ఎప్పటిలాగే చిన్న తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. మెడ మీద మచ్చలు మానాయి, గొంతు మాత్రం కొంచెం బొంగురుగానే ఉండిపోయింది. ఒక్కొక్కరే వచ్చి వంగి చెవిలో ముద్దుపేరు చెబుతున్నారు. బుజ్జి, బూరె, కోతి. ఆమె నవ్వుతోంది. నవ్వాక ఇంకో ప్రశ్న అడుగుతోంది. అది ఆ ఏడాదే మొదలు.

"ఆ పేరుతో ఎవరు పిలిస్తే నిన్ను పంపకూడదు?"

చాలామందికి అర్థం కాలేదు. "ఎవరూ లేరక్కా, ఎవరొచ్చినా పంపించు" అని నవ్వి వెళ్ళిపోయారు. లావుపాటి జడ వేసుకున్న ఒక పిల్ల మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి చూసింది. సామాను దింపుతున్న తండ్రి ఆటోవాడితో వాదిస్తున్నాడు. ఆ పిల్ల మళ్ళీ వంగింది. చెవి దగ్గర ఆమె ఊపిరి వేడిగా తగిలింది.

"మా నాన్న" అంది.

గేటక్క తల తిప్పలేదు. అటు చూడలేదు. "సరే తల్లీ" అంది మామూలు గొంతుతో. "పెట్టె తీసుకుని లోపలికి పద. మిగతావి నేను తెస్తాను." ఆ పిల్ల చిన్న తలుపులోంచి వంగి లోపలికి వెళ్ళాక, స్టూలు మీంచి లేచి, గడియని కుడిచేతిలోకి తీసుకుని, తండ్రి వచ్చేదాకా గుమ్మంలో నిలబడింది.